చేపల చెరువుల్లో గూళ్ళ లెక్క: ఒక వానాకాలం డైరీ

మే చివరి వారం

నేనూ, నా దగ్గర చదువుకునే పిల్లలూ కలిసి శ్రీకాకుళం జిల్లా టెక్కలి, కోటబొమ్మాళి, సంతబొమ్మాళి మండలాల్లో చేపలు పెంచే చెరువులు కొన్ని ఎంచుకున్నాం. వీటిలో రెండు రకాలున్నాయి. ఊరి ఆయకట్టుకి నీళ్ళిచ్చే పాత చెరువులు మొదటి రకం. వాటిలో చేపల హక్కు మత్స్యకారుల సొసైటీది, మదుము (నీళ్ళు వదిలే తూము) తాళం మాత్రం రైతులది. రెండో రకం సొంత భూమిలో తవ్వుకున్న చెరువులు. అక్కడ నీళ్ళూ చేపలూ ఒకే మనిషి చేతిలో ఉంటాయి. ఈ తేడా పక్షులకి ఏమైనా తేడా తెస్తుందేమో చూడాలని రెండు రకాలూ తీసుకున్నాం.

తెలుసుకోవాలనుకున్నది ఇది: మనుషులు తమ పని కోసం నీళ్ళు పెట్టి, తీసి, కలుపు లాగే చెరువుల్లో ఏ నీటిపక్షులు గూడు కడుతున్నాయి? వాటి పిల్లలు ఎగిరే దాకా బతుకుతున్నాయా?

1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. అది చాలా విలువైన పని, మేమూ పాల్గొంటాం. కానీ అది చలికాలపు లెక్క. తామరకోడి, బుడుబుంగ, జంబుకోడి, నీలి బొల్లికోడి లాంటివి ఏడాది పొడుగునా మన మధ్యే ఉంటాయి, వానలు పడ్డాక గుడ్లు పెడతాయి. జనవరిలో వంద పక్షులు కనిపించినా, ఆ వందలో ఈ చెరువులో పుట్టినవి ఎన్నో ఆ లెక్కలో తేలదు.

మన జిల్లాలో పక్షులనగానే తేలినీలాపురం, తేలుకుంచి గుర్తొస్తాయి. తేలినీలాపురంలో గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీద గూళ్ళు కట్టుకుని తంపర (చిత్తడి) నేలల్లో, చెరువుల్లో, నౌపడ వైపు ఉప్పునీటి మడుగుల్లో మేసి వస్తాయి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో నత్తగొట్టు కొంగలు పిల్లల్ని చేస్తాయి. ఆ పక్షులొస్తే వానలు, పంటలు బాగుంటాయని ఊరివాళ్ళ నమ్మకం, అందుకే కంటికి రెప్పలా చూసుకుంటారు. (అందరూ సైబీరియా పక్షులంటారు గానీ గూడబాతూ, ఎర్రకాళ్ళ కొంగా, నత్తగొట్టు కొంగా దక్షిణాసియాలో పుట్టి పెరిగేవే.) నీటి మీద, గట్టు మీద గూడు పెట్టే చిన్న పక్షుల సంగతి అడిగేవాళ్ళు లేరు. అందుకే వాటితో మొదలుపెట్టాం.

జూన్ రెండో వారం

వానలు ఇంకా సరిగ్గా పట్టలేదు. తవ్విన చెరువుల్లో చాలావాటిని ఎండగట్టారు. అడుగు మట్టి బీటలు తీసింది, సున్నం చల్లుతున్నారు. ఇలాంటి చెరువులో పక్షులేం ఉంటాయని మా పిల్లల్లో ఒకరు అడిగారు. పది నిమిషాలు కాకముందే తీతువు నెత్తి మీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది.

తీతువుకి గట్టే ఇల్లు. చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్ళు, మధ్యలో మట్టిరంగు మచ్చల గుడ్లు నాలుగు. పక్కనే నిలబడినా కనపడవు. పొదగడానికి దాదాపు నాలుగు వారాలు పడుతుంది. ఎండ ముదిరితే తల్లో తండ్రో వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది.

చెరువు సిద్ధం చేసే రోజులూ ఇవే. గట్టు మీద ట్రాక్టర్ తిరుగుతుంది, జేసీబీతో గట్టు చెక్కి మట్టి ఎత్తుతారు. మేం చూసిన గూళ్ళలో ఒకటి సరిగ్గా ట్రాక్టర్ దారిలో ఉంది. డ్రైవర్ కుర్రాడికి చూపించాం. "నాను పక్కనించి పోతాన్లెండి మేస్టారూ, ఇటు చోటుంది కదా" అన్నాడు. ఆ తర్వాత ట్రాక్టర్ చక్రాల అచ్చు ఆ గుంటని మూరెడు దూరంలో తప్పించుకుని వంపు తిరిగి ఉండటం చూశాం. గూడు కనిపిస్తే చాలు, కాపాడటానికి మనుషులు వెనకాడరు. వాళ్ళకి కనిపించేలా చేయడమే పని.

జూన్ చివర

పద్ధతి ఖాయం చేసుకున్నాం. మరో ఊళ్ళో ఎవరైనా చేయాలనుకుంటే పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాను.

తెల్లవారాక మొదటి రెండు మూడు గంటలే లెక్క. మేత పడవ దిగకముందు ముగించాలి. మేత సంచులు కట్టిన గెడల చుట్టూ పడవ తిరిగితే పిల్లలున్న పక్షులు రెల్లులోకి దూరిపోతాయి. సూర్యుడు వీపు వెనక ఉండేలా గట్టు మీద చోటు చూసుకుని, కదలకుండా కూర్చుని, మొదట కంటితో, తర్వాత బైనాక్యులర్‌తో ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ పోవాలి. ఇద్దరు కూర్చుంటారు, కానీ మాట్లాడుకోరు. ఎవరి కాగితం వాళ్ళది. అయ్యాక పోల్చుకుంటే ఒకరికి కనిపించి రెండోవారికి కనపడనివి ఎన్నో తెలుస్తాయి. దాన్నిబట్టి ఇద్దరికీ కనపడకుండా పోయినవి ఎన్నుంటాయో అంచనా వేయొచ్చు. కలుపు దట్టంగా ఉన్న చెరువులో ఈ అంచనా లేకపోతే, పక్షులు దాక్కోవడానికి బాగా వీలున్న చెరువే పక్షులు తక్కువున్న చెరువుగా లెక్కకొస్తుంది.

పక్షి కనిపించడం వేరు, గూడు కట్టడం వేరు. అందుకే ఏం చేస్తుండగా చూశామో రాస్తాం: ముక్కున గడ్డి పట్టుకెళ్తోందా, ఒకేచోట కూర్చుని లేవడం లేదా, రెక్క విరిగినట్టు నటిస్తూ మనల్ని పక్కకి లాగుతోందా, వెంట పిల్లలున్నాయా. పిల్లలుంటే మూడు వయసులు: ఒళ్ళంతా నూగు, సగం ఈకలు, పూర్తి ఈకలు. పిల్లల సంఖ్య, వయసు, చోటు మూడూ రాస్తేనే పోయినసారి చూసిన కుటుంబాన్ని కొత్తదిగా లెక్కపెట్టకుండా ఉంటాం.

గూడు దగ్గరకి వెళ్ళం. గుడ్లు ముట్టుకోం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లనీ గూళ్ళనీ పాడుచేయడం కూడా వేట కిందికే వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మనిషి లేపిన పక్షి గూడు దిగితే కాకి అది చూస్తుంది. మనం వెళ్ళిపోయాక ఆ గుడ్లు ఉండవు. డ్రోన్ వాడదామని ఒక మిత్రుడన్నాడు, అదీ వద్దనుకున్నాం.

ప్రతి మదుము దగ్గర పది సెంటీమీటర్లకో గీత పెట్టిన వెదురు గెడ పాతాం. ఫారంలో పక్షుల గడుల పక్కన నీటి మట్టం, కలుపు ఎంత మేర ఉంది, ఆ వారం చెరువులో జరిగిన పని అని మూడు గడులు పెట్టాం. చివరి గడి మేం నింపలేం, కాపలా బాబాయ్ నింపిస్తాడు. చెరువు గట్టు మీద పాకలోనే ఆయన ఉంటాడు. రాత్రి నీళ్ళు వదిలారా, వల వేశారా, కుక్కలు దిగాయా, అన్నీ ఆయనకే తెలుసు.

జులై మధ్య

వానలు పట్టాయి. గెడ్డల్లో (వాగుల్లో) ఎర్రనీళ్ళు దిగుతున్నాయి. పాత చెరువుల్లో తామర, కలువ ఆకులు విచ్చుకున్నాయి, గుర్రపుడెక్క ఒక మూలన పచ్చటి దుప్పటిలా పరుచుకుంది. తామరకోళ్ళు రెండు రకాలూ దిగాయి, పొడుగు తోకదీ, కంచు రెక్కదీ.

పొడుగు తోక తామరకోడి దగ్గర మా పిల్లలు గంటలకి గంటలు కూర్చుండిపోయారు. దీని సంసారం అంతా తండ్రిదే. ఆడపక్షి ఒక మగపక్షికి నాలుగు గుడ్లు పెట్టి ఇచ్చి మరో మగపక్షి దగ్గరకి వెళ్తుంది. దాదాపు నాలుగు వారాలు పొదిగేదీ, పిల్లల్ని రెక్కల కింద దాచుకుని తిరిగేదీ తండ్రే. గూడంటే నీటి మీద తేలే నాలుగు ఆకులూ కాడలూ, అంతే. చోటు బాగా లేదనిపిస్తే గుడ్డుని ముక్కుకీ రొమ్ముకీ మధ్య పట్టుకుని జరుపుకుంటూ పక్క ఆకు మీదకి తీసుకుపోతుంది.

బుడుబుంగ గూడు కూడా తేలేదే, కానీ అది కలుపు కాడలకి ముడేసి ఉంటుంది. గూడు దిగేటప్పుడు గుడ్ల మీద తడి నాచు కప్పి వెళ్తుంది. దూరం నుంచి చూస్తే కుళ్ళిన చెత్త కుప్పలా ఉంటుంది. అందుకే దీన్ని లెక్కపెట్టడానికి ఓపిక కావాలి: పక్షి ఆ కుప్ప ఎక్కి నాచు పక్కకి తీసేదాకా ఆగాలి. పొదిగేది దాదాపు మూడు వారాలు. పిల్లలు పుట్టాక తల్లి వీపెక్కి తిరుగుతాయి. ఒక్కోసారి వీపు ఈకల్లోంచి చిన్న చారల తల ఒకటి బయటికొస్తే తప్ప పిల్ల ఉందని తెలియదు.

ఆగస్టు మొదటి వారం

ఈ వారం ఎక్కువ రాయాలి.

సొసైటీవాళ్ళు గుర్రపుడెక్క తీయించడానికి కూలీలని పెట్టుకున్నారు. బొచ్చె, శీలావతి, మోసు పిల్లల్ని వదిలేముందు కలుపు తీయాలి. వాళ్ళ కారణం గట్టిదే. కలుపు నీటిని కప్పేస్తే కిందకి వెలుతురు అందదు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఒక్క రాత్రిలో చెరువులో చేపలన్నీ చచ్చి తేలిపోవచ్చు. అప్పు తెచ్చి పిల్ల వేసినవాళ్ళకి అదెంత టెన్షనో గట్టు మీద వాళ్ళతో కూర్చుంటే అర్థమవుతుంది. పక్షులున్నాయి కాబట్టి కలుపు తీయొద్దని చెప్పే హక్కు నాకు లేదు.

కానీ ఆ మూలనే తామరకోళ్ళూ, నీలి బొల్లికోళ్ళూ, బుడుబుంగలూ ఉన్నాయి. గూళ్ళున్న చోట్లు గుర్తుపెట్టిన మ్యాప్ పట్టుకుని సొసైటీ ప్రెసిడెంట్ గారి దగ్గరకి వెళ్ళాం.

ఆయన మొదటి మాట ఇది: "మేస్టారూ, పిట్టలు మా చేపల్ని తినేస్తన్నాయి, మీరేమో వాటిని కాపాడమంటన్నారు."

ఈ మాటకి జవాబు లేకుండా ఈ పని సాగదు. కూర్చుని ఒక్కో పక్షి గురించీ మాట్లాడుకున్నాం. నీటికాకి చేపల్ని తింటుంది, అందులో అనుమానం లేదు. తెల్లకొంగలూ, గూడబాతులూ తింటాయి. కానీ అవి ఈ చెరువులో గూడు కట్టేవి కావు. చెట్ల మీద గుంపుగా గూళ్ళు పెట్టి మేతకి మాత్రం ఇక్కడికొస్తాయి. చెరువులోపలే గూడు పెట్టే వాటి మేత వేరు. నీలి బొల్లికోడి కాడలు, దుంపలు, చిగుళ్ళు తింటుంది. తామరకోడికి పురుగులు, గింజలు. ఈల వేసే బాతులకి గింజలూ నీటి మొక్కలూ. బుడుబుంగ ఎక్కువగా నీటి పురుగులు, చిన్న రొయ్యలు తిని అప్పుడప్పుడు చిన్న చేపని పట్టుకుంటుంది. నత్తగొట్టు కొంగ కొంగే గానీ దాని తిండి నత్తలే. గట్టు వారన అది తిని వదిలేసిన నత్తగుల్లల్ని చూపిస్తే ప్రెసిడెంట్ గారు కాసేపు చేతిలో తిప్పి చూశారు. "ఇన్నాళ్ళూ దీన్ని కూడా తరుముతున్నాం" అన్నారు.

ఈ సంగతి మా నోట్సులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాం: ఇక్కడ గూడు కట్టేవి దాదాపుగా చేపలు తినేవి కావు, చేపలు తినేవి ఇక్కడ గూడు కట్టవు. టపాసులు పేల్చినా, మెరిసే రిబ్బన్లు కట్టినా నీటికాకి పక్క చెరువుకి పోయి గంటకి తిరిగొస్తుంది. గుడ్ల మీద కూర్చున్న తామరకోడికి ఆ వీలు లేదు. దానికి పోయేది ఆ సీజనే.

చివరికి కుదిరిన ఒప్పందం: మదుముకీ, వల లాగి ఒడ్డుకి చేర్చే చోటుకీ దూరంగా ఉన్న పడమటి గట్టు వెంబడి ఒక పట్టీని కలుపు తీయకుండా అక్టోబర్ దాకా వదిలేస్తారు. మిగతాది చెరువు మధ్య నుంచి మొదలుపెట్టి అంచులకి వస్తూ తీస్తారు, ఒకేరోజు మొత్తం లాగరు. అలా చేస్తే పిల్లలున్న పక్షులు పట్టీలోకి జరగడానికి వ్యవధి ఉంటుంది. గూళ్ళ దగ్గర జెండాలు పాతలేదు. జెండా పాతితే కాకికీ, ఊరి పిల్లలకీ దారి చూపించినట్టే. కూలీల మేస్త్రీని వెంటబెట్టుకుని గట్టు మీద నుంచే వేలితో చూపించాం. కూలీల్లో ఒక అమ్మ, "ఆ కుప్పలో గుడ్లున్నాయా? మరి ముందే సెప్పాల గదా బాబూ, బేగి పక్కకి రండే" అని మిగతావాళ్ళని తనే కేకేసి పిలిచింది.

ఆగస్టు చివర

పట్టీలో ఈల వేసే బాతుల కుటుంబాలు కనిపించాయి. గూడు ఎక్కడ పెట్టాయో మాకు దొరకలేదు. ఇవి తాటిచెట్ల తొర్రల్లోనూ పెడతాయి, గడ్డిలో నేల మీదా పెడతాయి. పిల్లలు నీటిలోకి దిగాకే మన లెక్కకొస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ వెంట ఉంటారు. పొడవాటి వరస, ముందొకరు, వెనకొకరు.

సెప్టెంబర్ రెండో వారం

వాన మొహం చాటేసింది. ఉభాలు (వరినాట్లు) ఆలస్యంగా అయిన పొలాలకి తడి కావాలని రైతులు మదుము తెరిచారు. గెడ మీద నీటి గీత రోజురోజుకీ కిందకి దిగింది. ఒడ్డుకి దగ్గరగా ఉన్న గూళ్ళు బురదలోకి వచ్చేశాయి. బురద ఆరితే కుక్కకీ, ముంగిసకీ, ఉడుముకీ దారి దొరికినట్టే. నీలి బొల్లికోడి గూళ్ళు రెండు అలా పోయాయి. నీళ్ళు పెరిగితే ఆ పక్షి గడ్డి చేర్చి గూడు ఎత్తు చేసుకోగలదు. నీళ్ళు తగ్గితే అది చేయగలిగిందేమీ లేదు.

రైతులది తప్పని ఎవరనగలరు? చెరువు కట్టిందే పొలం కోసం. ఇక్కడ రెండు రకాల చెరువుల తేడా స్పష్టంగా కనిపించింది. తవ్విన చెరువుల్లో నీటి మట్టం ఈ నెలంతా నిలకడగానే ఉంది. కానీ వాటి అంచుల్లో కలుపు లేదు, గడ్డిచేపల్ని వదిలి మొత్తం మేపించేశారు. అంటే నీళ్ళు నిలకడగా ఉన్నచోట గూడు పెట్టుకోవడానికి ఆకు లేదు, ఆకు ఉన్నచోట నీళ్ళు నిలకడగా లేవు.

ఈ వారమే గూళ్ళ బతుకు లెక్క పిల్లలకి నేర్పాను. చూసిన గూళ్ళలో ఎన్ని గట్టెక్కాయో నూటికి ఇన్ని అని రాసేస్తే తప్పు లెక్క వస్తుంది. మనం కనిపెట్టేలోపే పోయిన గూళ్ళు అందులో ఉండవు కాబట్టి ఫలితం ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. 1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుడు దీనికి తేలిక దారి చూపించాడు. ప్రతి గూటినీ ఎన్ని రోజులు గమనించామో కూడి, ఆ మొత్తంలో ఎన్ని గూళ్ళు పోయాయో చూడాలి. ఉదాహరణకి, గూళ్ళన్నిటినీ కలిపి 200 గూటి-రోజులు గమనిస్తే 10 పోయాయనుకుందాం. రోజుకి నూటికి 5 చొప్పున పోతున్నట్టు. 20 రోజులు పొదగాల్సిన పక్షికి అలా రోజూ మిగిలినవాటిలో నూటికి 5 పోతే చివరికి నూటికి 36 గూళ్ళే మిగులుతాయి. అదే రోజుకి నూటికి 2 మాత్రమే పోతే నూటికి 67 మిగులుతాయి.

ఈ రెండు అంకెలు బోర్డు మీద రాశాక క్లాసులో అందరూ ఒక్క క్షణం ఆగిపోయారు. రోజువారీ నష్టంలో అంత చిన్న తేడా పొదుగు పూర్తయ్యేసరికి గూళ్ళని దాదాపు రెట్టింపు చేస్తోంది. కుక్కల్ని గట్టు దిగనివ్వకపోవడం, మదుము ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా తెరవడం, ఇలాంటి చిన్న పనులకి ఇంత విలువుంది. పెద్ద పథకాలు రానక్కర్లేదు.

అక్టోబర్ మూడో వారం

అల్పపీడనం వాన. అక్టోబర్ వచ్చిందంటే మన తీరానికి భయం మామూలే. 2018 అక్టోబర్ 11న తిత్లీ తీరం దాటినప్పుడు పలాస, టెక్కలి వైపు కొబ్బరి, జీడి తోటలూ పెద్ద చెట్లూ ఎలా నేలకూలాయో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఈసారి గాలి లేదు, నీళ్ళే. చెరువులు కలుజు (మిగులు నీళ్ళు పోయే చోటు) దాటి పొర్లాయి. చేపలు పోకుండా కలుజు దగ్గర రాత్రంతా వల కట్టారు. బుడుబుంగల ఆలస్యపు గూళ్ళలో కాడలకి గట్టిగా కట్టుకున్నవి నీటితోపాటు పైకి లేచాయి, మిగతావి కొట్టుకుపోయాయి. పట్టీలో కలుపు దట్టంగా ఉన్నచోటే ఎక్కువ నిలిచాయి. ఇది ఒక్క చెరువులో చూసిన సంగతి. దీని మీద గట్టి మాట చెప్పడానికి ఇంకో వానాకాలం కావాలి.

తేలినీలాపురం వైపు గూడబాతులు దిగుతున్నాయి. మా చెరువుల మీదుగా వరసకట్టి పోతున్నాయి. కాపలా బాబాయ్ టపాసుల సంచి బయటికి తీశాడు. పడమటి పట్టీ వైపు పేల్చొద్దని అడిగాను. "అటు నేదులెండి, మదుము కాడే" అన్నాడు.

నవంబర్ మొదటి వారం

పట్టీ తీసేశారు. ఒప్పందం అక్టోబర్ దాకానే, వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. తీసే ముందు రోజు మేం చివరిసారి చూసుకున్నాం. గుడ్ల మీద కూర్చున్న పక్షి ఒక్కటీ లేదు. తామరకోడి పిల్లలు పూర్తి ఈకలతో తండ్రికి దూరంగా మేస్తున్నాయి.

కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. పక్షుల లెక్కలు చేర్చే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో గూళ్ళ సంకేతాలతో పెడతాం, కానీ గూడున్న మూల ఎక్కడో తెలిసేలా పెట్టం. లెక్క పూర్తయ్యాక మొదట సొసైటీవాళ్ళకీ, ఆయకట్టు రైతులకీ చూపించాలి. వాళ్ళకి తెలుగులో ఒక పేజీ చాలు: ఏ పక్షి ఏం తింటుంది, ఏ నెలలో గుడ్ల మీద ఉంటుంది, ఏ పని ఏ వారం జరిగితే ఎన్ని గూళ్ళు పోయాయి.

వచ్చే వానాకాలానికి అడగాల్సినవి రెండు. తవ్విన చెరువుల యజమానుల్లో ఒకరినైనా ఒక గట్టు వారన కలువ పెరగనివ్వమని అడగాలి. గడ్డిచేపలు అటు పోకుండా వల అడ్డం కట్టే ఖర్చు మేం చందాలు వేసుకుంటాం. ఒకరు "సూద్దాం" అన్నారు, ఆయన్ని సంక్రాంతి తర్వాత మళ్ళీ కలవాలి. రెండోది, రైతుల మీటింగ్‌లో మదుము సంగతి. నీళ్ళు ఆపమని కాదు, తెరిచే రెండు రోజుల ముందు కాపలా బాబాయ్‌కి ఒక ఫోన్ చేయమని. కుక్కల్ని కట్టేయడానికీ, ఏ గూళ్ళు బురదలో పడతాయో గుర్తు పెట్టుకోవడానికీ ఆ రెండు రోజులు సరిపోతాయి. బాబాయ్ నంబర్ పంచాయతీ గోడ మీద రాయించడానికి ఒప్పుకున్నాడు. రంగు కొనాలి.